ఎడమకంటి కాగితాలు

ఇన్‌సిల్ సాయంత్రం సముద్రం నుంచి ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే, ఎడమకంట్లోంచి తడి కాగితం ఒకటి జారి పళ్ళెంలో పడేది. ఆ కన్ను పగలంతా చూసినా తల పుచ్చుకోనివన్నీ దాని మీద బొమ్మలుగా ఉండేవి. వాళ్ళమ్మ దాన్ని నాచు పక్కనే తీగ మీద ఆరేసి, చిరిగిన కాగితపు తలుపులకు అతికించేది. జెజు దీవి గాలికి తలుపు కాగితాలు ఎన్నాళ్ళని నిలుస్తాయి మరి!

ఇన్‌సిల్‌కి చిన్నప్పటి నుంచీ మెల్ల. లోకమంతా గోడకంటించిన బొమ్మలా చదునే. మునకగత్తె అన్నాక నీళ్ళలో మునిగి, రాతికి కరుచుకున్న అబలోన్ అనే నత్తచిప్పను ఇనుపకమ్మితో ఒక్క పోటుకే పెకలించాలి. గురి తప్పి తాకితే అది బిగుసుకుని కమ్మిని పట్టేస్తుంది. కమ్మి తాడేమో మణికట్టుకే ఉంటుంది. ఒకరోజు పొద్దున అదే జరిగింది. మునకగత్తెల పెద్ద మల్‌సూన్ తాడు కోసి పైకి లాగకపోతే పిల్ల దక్కేది కాదు.

ఒడ్డున మంట చుట్టూ పనితనాన్ని బట్టి కూర్చుంటారు. పొగ కొట్టే వైపు ఇన్‌సిల్‌ది.

"చాలమ్మా నీ మునకలు! మీ అమ్మకి శవాన్ని అప్పజెప్పమంటావా? రేపట్నుంచి నాచు ఏరుకో," అంది మల్‌సూన్.

"నీళ్ళు లేకపోతే చచ్చిపోతాను పెద్దమ్మా," అని ఇన్‌సిల్ భోరుమంది.

మునకలు మాన్పించమని తల్లికీ చెబుదామని ఆ సాయంత్రం వాళ్ళింటికొచ్చిన మల్‌సూన్, తీగ మీది కాగితం దగ్గర ఆగిపోయింది. పొద్దున ఇన్‌సిల్ గురి తప్పిన అబలోనే! కాస్త పక్కనుంచి చూసినట్టు, కమ్మి దూర్చాల్సిన సందుతో సహా ఉంది.

"ఓసినీ! ఈ కన్ను గుడ్డిది కాదే! తలుపులకి అంటించుకున్నారు గానీ ఒక్కరైనా చూశారా? తలలోనూ మన మంట లాంటిదే ఉంటుందే. రెండు కళ్ళూ పక్కపక్కన కూర్చుని, తాము చూసింది చెప్పుకుంటేనే లోతు తెలిసేది. నీ కుడికన్ను పెత్తనం చేసి దీన్ని పొగలోకి తోసేసింది."

మర్నాటి నుంచి రోజూ కాసేపు మల్‌సూన్ పిల్ల కుడికంటికి గుడ్డ కట్టింది. ఇన్‌సిల్ బార్లీ గంజి ఒలకబోసింది, జాడీలకు గుద్దుకుంది, వల కుడుతూ వేళ్ళు పొడుచుకుంది. "మా గోడ కూల్చకే తల్లీ!" అని పొరుగువాళ్ళు ఏడిపించారు. కాగితాలు మాత్రం నెలనెలా పలచబడ్డాయి.

వసంతంలో రెండు కళ్ళూ తెరిచి, మల్‌సూన్ పక్కనే మునిగింది. ఉన్నట్టుండి రాయి ముందుకొచ్చింది, సందు వెనక్కి జరిగింది. ఒక్కటే పోటు! పైకొచ్చి ఈలలా ఊపిరి వదిలింది. ఆ రోజు మంట దగ్గర మల్‌సూన్ పక్కకి జరిగి, "ఇక్కడ కూర్చోవే," అంది.

సాయంత్రం మొహం కడుక్కుంటే పళ్ళెంలో ఉత్త నీళ్ళే పడ్డాయి. అమ్మ తీగ దగ్గర నిలబడే ఉంది. ఇన్‌సిల్ తలెత్తి, మొట్టమొదటిసారి ఆమెను చూసినట్టు చూసింది.

"అమ్మా, నీ ముక్కు ఇంత ముందుకుంటుందా!"

"పోవే, ఇక తలుపులకి ఏం అంటించనే?" అంటూ తల్లి అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.