మీరావలి కుడిచెయ్యి

నేను ఒక రబ్బరు గ్లౌజును, కుడిచేతిదాన్ని. పదకొండు వేల వోల్టుల కరెంటుకూ మనిషి చర్మానికీ నడుమ నిలబడటానికే నన్ను పుట్టించారు. ఫ్యాక్టరీలో నీళ్ళలో ముంచి, కరెంటు పెట్టి చూసి, తట్టుకుంటానని తేలాకే ప్రకాశం జిల్లాలోని ఒక సబ్‌స్టేషన్‌కు పంపారు.

అక్కడ లైన్‌మన్ కోటిలింగం నన్ను వాడేవాడు. పనికి ముందు నా అంచు చుట్టి, లోపల గాలి బిగించి, చెంపకు దగ్గరగా పెట్టుకుని ఎక్కడైనా గాలి పోతోందేమో చూసేవాడు. పనయ్యాక కడిగి నీడన ఆరేసేవాడు. ఆయన రిటైరయ్యాక నన్ను జీపు వెనక ఇనుప పెట్టెలో పడేశారు. మడతపడి, గ్రీజులో నానుతూ ఎండాకాలాలు గడిపాను. రబ్బరు ఒక్కసారిగా చావదు. ముందు సాగే గుణం పోతుంది. తరువాత మడత పడిన చోట సన్నని పగుళ్ళు లేస్తాయి. ఏటా పరీక్షకు పంపాలని రూలు ఉంది. నన్ను ఎవరూ పంపలేదు.

తరువాత కొత్త లైన్‌మన్ మీరావలి చేతికి వచ్చాను. అతను నన్ను తిరగేసి చూసి సబ్‌స్టేషన్ ఇంజనీరు ఏఈ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"బొటనేలు కాడ పగిలింది సార్. కొత్తయి ఇప్పించండి."

"కొత్తవి పంపమని ఇండెంటు పెట్టాంలేవయ్యా. అవి వచ్చేదాకా వీటితోనే కానీ."

ఒక వాన ఉదయం బడిదారిలో తీగ తెగిపడిందని ఫోను వచ్చింది. పిల్లలు వచ్చే వేళ. మీరావలి లైను ఆపడానికి పరుగెత్తాడు. స్తంభం మీద కరెంటును ఆపే పింగాణీ బుడ్డి పగిలి, కింద స్విచ్చు పిడిలోకి కరెంటు దిగి ఉందని అతనికి తెలియదు. నన్ను తొడుక్కునే పిడి లాగాడు. లైను ఆగింది. కానీ ఆ లోపే కరెంటు నా పగులులోంచి అతని చేతిలోకి దూరింది. పిల్లలు క్షేమంగా బడికి పోయారు. డాక్టర్లు అతని చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

ఆసుపత్రిలో ఊడదీసిన నన్ను ఏఈ గారు చప్పుడు లేకుండా తెచ్చి తన బల్ల సొరుగులో వేశారు. విచారణకు ఆఫీసరు వచ్చిన రోజున అదే బల్ల మీద కొత్త గ్లౌజుల జత పెట్టారు.

"ఇవి ఇచ్చాం సార్. తొడుక్కోకుండా పోయాడు."

మీరావలి భార్య కరీమున్ ఆ జతను చేతిలోకి తీసుకుంది.

"ఇయ్యి ఎవురూ తొడిగినయ్యి కాదయ్యా. వేళ్ళు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉండాయి. మా ఆయన చేతి నించి వేరేది ఊడదీశారు, నా కళ్ళతో చూశా."

"అదేదమ్మా, చూపించు," అన్నాడు ఆఫీసరు.

ఆమె ఏఈ గారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. విచారణలో తప్పు మీరావలిదేనని తేల్చారు.

ఆమె వెళ్ళాక నన్ను పనికిరాని సామానుతో కలిపి గోనెసంచిలో వేసి, షెడ్డు వెనక్కి విసిరారు. నా లోపల అతని అరచేతి చర్మం ఇంకా అంటుకునే ఉంది.