మూడు గాట్లు

తాళం వేసింది వేసినట్టే ఉంది. గడియ కదల్లేదు, గోడకు కన్నం పడలేదు, కిటికీ ఊచలు వంగలేదు. ఇంట్లో కుట్టుమిషన్ మాత్రం లేదు. మిషన్ ఉండాల్సిన చోట నేల మీద దాని కాళ్ల మచ్చలున్నాయి. పక్కన సగం కుట్టిన చొక్కా, చొక్కా మీద బూటు ముద్ర.

కుట్టు పిన్ని ఆ చొక్కా పట్టుకుని తాళాల వీధికి పరిగెత్తుకొచ్చింది. ఆ వీధి పొడుగునా అరుగుల మీదా గొడుగుల కిందా కూర్చుని తాళాలు బాగుచేసేవాళ్లు, తాళంచెవులు కోసేవాళ్లు ఆకురాళ్లు ఆపి తలెత్తారు.

"పర్మిట్ లేకుండా ఇంట్లో బట్టలు కుడుతున్నానట! సర్కారువాళ్లు మిషన్ ఎత్తుకుపోయారు. అది సరే, తలుపెలా తీశారే కోడలా?"

కోడలంటే ఆ వీధి మొత్తానికి కోడలే. మొగుడు పోయాక ఏడుస్తూ కూర్చోకుండా మామగారి పక్కన పీట వేసుకుని పని నేర్చుకుంది. మొదట్లో నవ్విన మగవాళ్లే ఇప్పుడు మొండికేసిన తాళం ఏదైనా వస్తే "కోడలికి చూపించండి" అంటున్నారు.

తలుపెలా తీశారో కోడలికి తెలుసు. ఆ మధ్య ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఊళ్లో తాళంచెవులు కోసే లైసెన్సు ఒక్క కంపెనీ షాపుకే ఇచ్చింది. అక్కడ కోసిన ప్రతి చెవికీ ఒక నకలు ప్రభుత్వ తాళాల ఆఫీసుకు పోవాలి. ఎందుకయ్యా అంటే ప్రజల భద్రత కోసమట! మన ఇంటి తాళంచెవి వాళ్ల గోడకు వేలాడుతుంటే మనం గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవాలట. దొంగ కూడా ఇంత నిబ్బరంగా అబద్ధమాడడు.

పిన్ని తన తాళంచెవిని కంపెనీ షాపులోనే కోయించుకుంది.

"నేనే ఇచ్చానన్నమాట," అంది పిన్ని, చొక్కా వైపు చూస్తూ. "నా చేత్తో నేనే ఇచ్చాను."

ముసలాయన, అంటే కోడలి మామగారు, ఇంకేమీ అడగలేదు. పనిపెట్టె తీసుకుని పిన్ని ఇంటికి వెళ్లాడు. తాళం విప్పి, లోపలి రేకుల వరస మార్చి, దానికి కొత్త చెవి కోశాడు. చెవి కోయడానికి తీసిన సబ్బు అచ్చును పిన్ని చేతిలో పెట్టి, ఆమె చూస్తుండగానే నలిపించాడు. ఆ వీధి పద్ధతి అది. అచ్చు ఉంచుకోకూడదు, ఇంటివాళ్ల ఎదుటే నలిపెయ్యాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరు కోసిన చెవి తల మీద వాళ్లు తమ గుర్తు పెట్టుకుంటారు. ముసలాయనది మూడు గాట్లు. ఎదురుగా గొడుగు కింద కూర్చునే గుండాయనది అడ్డగీత.

పిన్ని కథ ఊరంతా పాకింది. జనం సంచుల్లో తాళాలు వేసుకుని వీధికి రావడం మొదలుపెట్టారు. ముసలాయన అందరికీ కోశాడు. లైసెన్సు లేదు, నకలు లేదు. కానీ ప్రతి చెవి మీదా మూడు గాట్లు పెట్టాడు. "ఇప్పుడు కూడా గుర్తెందుకు మామయ్యా?" అని కోడలు మొత్తుకుంది.

"పని చేసినవాడు పేరు దాచుకుంటాడా అమ్మా? నేను దొంగతనం చేస్తున్నానా?" అన్నాడు.

నేరం చేస్తున్నానని తెలిసినవాడెవడూ ఆ తప్పు చెయ్యడు. నిజాయితీ గలవాడే చేస్తాడు. ఆ తప్పే ముసలాయనను పట్టించింది.

* * *

మిట్టమధ్యాహ్నం, వీధి కిటకిటలాడుతుండగా నల్లద్దాలు వచ్చాడు. తాళాల ఆఫీసుకు అధికారి. నీడలో కూడా నల్లకళ్లద్దాలు తీయడు కాబట్టి వీధి పెట్టిన పేరది. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు. గుప్పెడు తాళంచెవులు ముసలాయన ముందు పారేశాడు.

"ఈ గాట్లు నీవేనా?"

"నావే బాబూ."

"వీటి నకళ్లేవి?"

"నకలు నేనుంచుకోను. చెవి ఇంటివాళ్లది."

"ప్రభుత్వానిది కూడా."

"ప్రభుత్వం ఏ ఇంట్లో కాపురముంటోందో చెప్పండి. ఆ ఇంటి చెవి తెచ్చిస్తాను."

వీధి గొల్లుమంది. గుండాయన సైతం, ముసలాయనతో ఏళ్ల తరబడి బేరాల దగ్గర కొట్లాడిన గుండాయన సైతం, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు నల్లద్దాలు చెవుల దాకా ఎర్రబడ్డాడు. కానిస్టేబుళ్లకు సైగ చేశాడు. వాళ్లు ముసలాయన కుడిచెయ్యి లాగి ఆయన పనిపెట్టె అంచు మీదే పెట్టారు. ఇనుప మూత దించారు. మూత మీద కాలు పెట్టి తొక్కింది మాత్రం నల్లద్దాలే.

కోడలు అరుస్తూ మీద పడింది. ఒక కానిస్టేబులు ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ముసలాయన అరవలేదు. మూత ఎత్తాక తన వేళ్ల వైపు, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

వీధిలో అంతమంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. కోడలు ఆ సంగతి కూడా మర్చిపోలేదు.

* * *

పాత ఇనుప సామాన్ల కొట్టులో అందరూ కలిశారు. తూకం రాళ్ల మీద, తుప్పు పట్టిన గేట్ల మీద ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నారు. ముసలాయన చేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

గుండాయన ముందు గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోకండి. అందరం కలిసి అర్జీ పెడదాం. కంపెనీకిచ్చిన లైసెన్సు మనకీ ఇమ్మందాం. మనం మాత్రం పన్ను కట్టట్లేదా?"

"ఇస్తారు," అంది కుట్టు పిన్ని. "నా ఇంటి చెవి తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టు, నీకు లైసెన్సు ఇస్తారు. పెడతావా?"



"మంచి అధికారి వస్తే..." అని వెనకనుంచి ఎవరో నసిగారు.

"మంచివాడొస్తే నా మిషన్ ఎత్తుకుపోయే ముందు నమస్కారం పెడతాడు. అంతే తేడా. నా బట్టలు నేను కుట్టుకోడానికి ఒకడి పర్మిట్ ఎందుకూ అని అడుగుతున్నాను నేను!"

ముసలాయన ఎడంచెయ్యి ఎత్తాడు. "ఒరే గుండూ. నీ బేరాలు నేనెన్ని లాక్కున్నాను?"

"లెక్కలేనన్ని. నా పాపం తగిలే ఇలా అయింది నీకు," అన్నాడు గుండాయన. కన్నీళ్లతోనే అన్నాడు.

"లాక్కున్నాన్రా. ఎలా లాక్కున్నాను? పోలీసుల్ని పిలిచి నీ గొడుగు పీకించానా? బాగా కోశాను, నా దగ్గరకొచ్చారు. నువ్వు రేటు తగ్గించావు, మళ్లీ నీ దగ్గరకు పోయారు. అది నీకూ నాకూ ఉన్న పోట్లాట. మధ్యలో లాఠీ లేదు. కంపెనీవాడు ఆ పోట్లాటలో నెగ్గలేకే ఆఫీసు గుమ్మం ఎక్కాడు. లాఠీ కొనుక్కున్నాడు. ఇప్పుడు మనమూ క్యూలో నిలబడి ఆ లాఠీలో వాటా అడుగుదామా?"

అప్పుడు కోడలు లేచింది. జుట్టు పట్టుకుని ఈడ్చిన చోట ఇంకా మండుతూనే ఉంది.

"ఈ మాటలన్నీ నాకొద్దు. వాడి ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. వాడి తాళం నాకు చిటికెలో పని. వాడి మంచం నుంచి వాడి చెంచాల దాకా నడిబజార్లో పడేస్తాను. ఆ కాలు విరిచి..."

"తియ్యగలవమ్మా," అన్నాడు ముసలాయన. "నేర్పింది నేనేగా. కానీ ఇంటివాళ్లు అడక్కుండా తలుపు తీశావంటే, వాడికీ నీకూ తేడా ఏం మిగిలింది?"

కోడలు పళ్లు నూరింది. ఆయన మాట కాదనలేకపోయింది. అలాగని కడుపులో మంట చల్లారలేదు, చల్లారాలని ఆమెకు కూడా లేదు. వాణ్ని ఏడిపించాలి. ఊరంతా చూస్తుండగా ఏడిపించాలి. మామయ్య పద్ధతి తప్పకుండానే ఏడిపించాలి.

ముసలాయన ఒళ్లోని పనిపెట్టెలోంచి సగం కోసిన చెవి ఒకటి తీశాడు. ఎడంచేత్తో ఆకురాయి పట్టుకోబోతే జారి పడింది. "దీని మీద గాట్లు పెట్టలేదింకా," అన్నాడు.

కోడలు ఆకురాయి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు, చెవి తల మీద గాట్లు పెట్టింది.

గుండాయన లేచి వచ్చాడు. జేబులోంచి తను కోసిన చెవి తీశాడు. దాని మీద అడ్డగీతను అరగదీశాడు. ఎవరి గుర్తు వాళ్లకు ప్రాణం కదా, ఆకురాయి ఆడుతున్నంతసేపూ చూడలేక అందరూ తలలు తిప్పుకున్నారు. తర్వాత ఆ నున్నటి చోట మూడు గాట్లు పెట్టాడు.

"వీధిలో నేనూ కదల్లేదు అన్నా," అన్నాడు. "ఇప్పుడు పట్టుకోమను ఎవడివో ఈ గాట్లు."

* * *

మర్నాటి నుంచి తాళాల వీధి ఖాళీ. వీధివాళ్లంతా ఊరి మీద పడ్డారు. పట్టపగలు, తలుపులు బార్లా తెరిపించి, గుమ్మాల్లో కూర్చుని తాళాలు విప్పారు. రేకుల వరస మార్చారు. ఇంటివాళ్ల చేతుల్లోనే సబ్బు అచ్చులు నలిపించారు. కాలేజీ విద్యార్థులు హాస్టలు గదుల తాళాలు బుట్టలకెత్తి తెచ్చారు. మిల్లు కూలీలు పెట్టెల తాళాలు తెచ్చారు. డబ్బులు ఇచ్చుకోగలిగినవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లను ఎవరూ అడగలేదు. కోసిన ప్రతి చెవి మీదా మూడు గాట్లు.

నల్లద్దాలుకు కబురందేసరికి ఆలస్యమైంది. ఆఫీసు గోడకున్న చెవులన్నీ గోనెసంచిలో వేయించుకుని పిన్ని ఉండే వీధికి వచ్చాడు. జనం గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. కానిస్టేబులు పిన్ని తాళంలో చెవి పెట్టాడు. తిరగలేదు. పక్కింట్లో పెట్టాడు. తిరగలేదు. వీధి చివరిదాకా వెళ్లేసరికి వాడి చొక్కా తడిసి ముద్దయింది.

"ఇంకా ఉన్నాయా బాబూ సంచిలో?" అంది పిన్ని. "లేకపోతే తూకానికి అమ్ముకోండి. ఇత్తడికి మంచి ధర పలుకుతోంది."

"ఎవడిదీ పని?" నల్లద్దాలు గొంతు చించుకున్నాడు. ఒకామె కొంగున కట్టుకున్న చెవి లాక్కుని పైకెత్తాడు. "ఈ మూడు గాట్లు ఎవడివి?"

"నావి," అన్నాడు గుండాయన.

"నావి," అంది కోడలు.

"నావి." "నావే." "నావయ్యా." ఆకురాయి ఎన్నడూ పట్టనివాళ్లు కూడా అన్నారు. పిల్లాణ్ని చంకనెత్తుకున్న తల్లి కూడా అంది. అందరికీ వెనక ముసలాయన కట్టు కట్టిన చెయ్యి గాల్లోకి ఎత్తాడు. నల్లద్దాలుకు ఆ చెయ్యి కనబడింది.

మామగారి చెయ్యి నలిగాక ఆ రోజే మొదటిసారి కోడలు ఆకలేసి అన్నం తింది. కానీ కసి తీరలేదు.

* * *

పని చెడగొట్టినందుకు పైవాళ్లు నల్లద్దాలు మీద కన్నేశారు. ఆయనా తన ఇంటి చెవి కంపెనీ షాపులోనే కోయించుకున్నాడు మరి. దాని నకలు పైవాళ్ల దగ్గర ఉంది. ఒకరోజు ఆయన భార్య బజారుకు వెళ్లి తిరిగొచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. ఇంట్లో బీరువా మాత్రం ఖాళీ.

ఆ మర్నాడు నల్లద్దాలు తాళాల వీధికి వచ్చాడు. కానిస్టేబుళ్లను సందు చివరే ఆపి ఒక్కడూ కోడలి పీట ముందు వంగాడు. మొదటిసారి అద్దాలు తీశాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మా ఇంటి తాళం మార్చాలి," అన్నాడు మెల్లగా. "మా ఆవిడకు నిద్రపట్టడం లేదు."

కోడలు చెవి కోస్తూనే ఉంది.

"లైసెన్సు ఇప్పిస్తాను. నీ ఒక్కదానికే. కంపెనీది రద్దు చేయిస్తాను. ఊరంతా నీ దగ్గరికే రావాలి, ఇంకెవరూ కోయకూడదు. ఆలోచించుకో."

కోడలు ఆకురాయి కింద పెట్టింది. లేచి నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "వినండహో! సారుగారింటికి తాళం మార్చాలట! మారిస్తే మీ అందరి నోళ్లూ కొట్టి నాకొక్కదానికే లైసెన్సు ఇస్తారట!"

నల్లద్దాలు ముఖం పాలిపోయింది. "అరవకు! నెమ్మదిగా..."

"ఎవరైనా మారుస్తారా?"

"నేను మార్చను," అన్నాడు గుండాయన. ఆ మాట గొడుగు నుంచి గొడుగుకు, అరుగు నుంచి అరుగుకు పాకింది. మార్చను. మేం మార్చం.

కోడలు నల్లద్దాలు కళ్లలోకి చూసింది. "నచ్చినవాళ్లకు పని చేసుకునే హక్కు మాకు లేదన్నావు. ఉంది. నచ్చనివాడికి చెయ్యం అనే హక్కు కూడా ఉంది. నీ తాళం పగలగొట్టం. నీ తలుపు ముట్టుకోం. నీకు చెయ్యం, అంతే. వెళ్లి నీ ప్రభుత్వాన్నే అడుక్కో. లేకపోతే మా మామయ్య వేళ్లు ఆయనకు తిరిగి తెచ్చివ్వు, ఆయనే మారుస్తాడు."

నల్లద్దాలు ముసలాయన వైపు తిరిగాడు. చేతులు జోడించబోయి ఆగాడు. వీధంతా చూస్తోంది. ముసలాయన కట్టు మీద వాలిన ఈగను తోలుకున్నాడు.

నల్లద్దాలు మళ్లీ అద్దాలు పెట్టుకుని, చిటికేసి కానిస్టేబుళ్లను పిలిచాడు. "పట్టుకోండి దీన్ని!"

ఈసారి కోడలి జుట్టు మీద చెయ్యి వేసేంత దూరం రాలేకపోయారు. వీధి మొత్తం లేచి చుట్టూ నిలబడింది. కోడలే జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. "నేనే నడుస్తాను," అంది. వెనక వీధంతా నడిచింది.

లాకప్ గదిలోకి తోసి తలుపు మూసింది ఆమెను ఆ రోజు జుట్టు పట్టుకుని ఈడ్చిన కానిస్టేబులే. బెల్టుకున్న గుత్తి తీసి తాళంలో చెవి తిప్పుతుంటే, గుత్తిలో ఇంకో చెవి ఊగింది. కొత్త ఇత్తడి చెవి. దాని తల మీద మూడు గాట్లు.

కోడలు చూసింది. ఆమె చూడటం వాడూ చూశాడు. గబుక్కున దాన్ని గుప్పిట్లో మూసేశాడు.

"మా ఆవిడ మార్పించింది," అన్నాడు గొణుగుతూ. "సారుకు చెప్పకు."

"చెప్పను. మీ ఇంటి తాళం మీది." ఊచలు పట్టుకుని దగ్గరకొచ్చింది. "కానీ మూత కింద మా మామయ్య చెయ్యి పెట్టింది నువ్వే. అది ఊరంతటికీ చెప్తాను. నీ పిల్లలకు కూడా చెప్తాను."

బయట గరగరమని చప్పుడు మొదలైంది. ఒక ఆకురాయి, దాని పక్కన ఇంకోటి, ఆ తర్వాత లెక్కకు అందలేదు. తాళాల వీధి పీటలు తెచ్చుకుని స్టేషన్ గుమ్మం ముందు కూర్చుంది. లైసెన్సు లేకుండా, పోలీసుల కళ్లెదుటే చెవులు కోస్తోంది. గుండాయన అందరికన్నా గట్టిగా రుద్దుతున్నాడు.

"చూస్తూ నిలబడ్డావేంట్రా?" ముందుగదిలోంచి నల్లద్దాలు అరిచాడు. "లాఠీ తీసుకో! తరిమెయ్ వాళ్లను!"

కానిస్టేబులు గుప్పిట బిగించుకుని అక్కడే ఉన్నాడు. నల్లద్దాలు మళ్లీ అరిచాడు. వాడు కదల్లేదు.