నల్ల స్వెటర్ మీద పిండి

ఫ్రీజర్ తలుపు తీయగానే తెలిసిపోయింది, బన్నుల సంచీని ఎవరో ముట్టుకున్నారని. నేను సంచీ మూతికి రెండు మెలికలు తిప్పి క్లిప్పు పెడతాను. ఇప్పుడు ఒక్క మెలికే ఉంది. ఆదివారం నలభై దాల్చినచెక్క బన్నులు చేసి, వేడివేడిగా తినగలిగినన్ని తిని, మిగిలినవి రెండు సంచీల్లో సర్దాను. బుధవారం సాయంత్రం రెండూ నిండుగానే ఉన్నాయి. శుక్రవారానికి ఒక సంచీలో అడుగున నాలుగే మిగిలాయి. మా అమ్మాయి స్వేయాకి పదకొండేళ్ళు. ఎప్పుడైనా ఒకటి తీసుకుంటుంది, అదీ పైన చల్లిన పంచదార పలుకులు గిల్లుకుని తిని మిగతాది కంచంలో వదిలేస్తుంది. మా ఆయన హోకన్ ఇంట్లో బన్నులు తినడం మానేశాడు, పొట్ట వస్తోందట. కిందటి వారం కూడా తగ్గినట్టే అనిపిస్తే నేనే పొరబడ్డాననుకున్నాను. ఈసారి అలా అనుకోబుద్ధి కాలేదు.

"నీ కళ్ళు ఊరికే ఉండవే మారీట్" అంటుంది మా అత్తగారు గున్‌వోర్. ఉండవు మరి. మా ఊరు ఫాలున్‌లో ఒక కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని నాది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకోవాలి. దుకాణంలో ఆ చూపుకి జీతమిస్తారు. ఇంట్లో అదే చూపుతో చూస్తే అనుమానపు మనిషి అంటారు.

ఆ వారం నా మనసు అసలే నిలకడగా లేదు. మా యజమానురాలు సోల్వేగ్ అద్దాల గది బాధ్యత మొత్తం నన్ను తీసుకోమంది. పూర్తిరోజు పని. స్వేయా పుట్టినప్పటినుంచీ నేను సగం రోజే వెళ్తున్నాను. "వచ్చే శుక్రవారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. అప్పటికీ తేల్చుకోకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి, ఏమనుకోకు" అంది. ఇల్లు ఎవరు చూస్తారో తెలియడంలేదని నేను నసిగాను. హోకన్‌తో చెబితే, "తీసుకో. నేనెందుకు వద్దంటాను? అంతా నీ ఇష్టం. కాకపోతే ఇల్లెలా నడుస్తుందో కాస్త ఆలోచించుకో" అన్నాడు. మా దేశంలో మొగుళ్ళు వద్దు అనరు. వద్దన్నవాణ్ణి చూసి నలుగురూ నవ్వుతారు. అందుకని వాళ్ళు 'కాకపోతే' అంటారు. పదిహేడేళ్ళలో నేను ఎన్ని 'కాకపోతే'లు విన్నానో. బిడ్డ పుట్టినప్పుడు ఇద్దరం సమానంగా సెలవు పెడదాం, కాకపోతే ఆఫీసులో ఇప్పుడు పని ఒత్తిడి ఎక్కువ. వంట చెరో రోజు చేద్దాం, కాకపోతే నువ్వు చేస్తే త్వరగా అయిపోతుంది. ఆదివారం బన్నులు మానేసి అడవిలో తిరిగొద్దాం, కాకపోతే అమ్మ కాఫీకి వస్తానంది కదా. అమ్మ వస్తే కొన్న బన్నులు పెట్టకూడదు. "కొన్న బన్ను పెట్టే ఇంట్లో కాఫీ తాగితే నాకు తాగినట్టే ఉండదు" అంటుంది గున్‌వోర్, నా బన్ను మూడోది తీసుకుంటూ. ఆ వెంటనే, "మా ఆయన తాగిన కప్పు అక్కడే వదిలేసేవాడు. మా హోకన్ సింకుదాకా తీసుకెళ్తాడు. అదృష్టవంతురాలివి" అంటుంది. సింకుదాకా వెళ్ళిన కప్పు అక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో ఆవిడ అడగదు.

ఆ శుక్రవారం సాయంత్రమే ఉతకడానికి తీసిన హోకన్ నల్ల స్వెటర్ కుడి చెయ్యి మీద తెల్లగా ఏదో కనిపించింది. గోటితో గీకి చూశాను. గోధుమపిండి. పొద్దున్న వేసుకున్నప్పుడు లేదు. హోకన్ మా వంటింట్లో పిండి డబ్బా ముట్టుకోగా నేను చూడలేదు. అంటే ఇంకో వంటిల్లు ఉందన్నమాట.

సోమవారం భోజనాల దగ్గర, బంగాళదుంపలు వడ్డించుకుంటూ, హోకన్ ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"అవునూ, పాలు ఎంత వేడిగా ఉండాలి? ఈస్ట్ కలిపేటప్పుడు."

"ఎందుకు?"

"ఊరికే. తెలుసుకుందామని."

"చిటికెనవేలు ముంచితే వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు. మా అమ్మమ్మ అలా చెప్పేది."

"చిటికెనవేలు" అని తనలో తాను అనుకున్నాడు. పాఠం అప్పజెప్పుకుంటున్నాడనిపించింది. మంగళవారం ఏలకుల గురించి అడిగాడు, పొడి కొంటావా, నువ్వే దంచుతావా అని. బుధవారం పిండి రెండోసారి ఎంతసేపు పొంగాలి అన్నాడు. పదిహేడేళ్ళుగా తింటున్నవాడికి ఇప్పుడు పుట్టుకొచ్చింది ఈ శ్రద్ధ! ఎవరో ఆడది ఉంది. నా బన్నులు తీసుకెళ్ళి ఆవిడకి పెడుతున్నాడు. ఆవిడ రుచి మరిగి ఎలా చేయాలో కనుక్కురమ్మంటోంది. ఇద్దరూ కలిసి ఆవిడ వంటింట్లో పిండి పిసుకుతున్నారు. పేరు కూడా నేనే ఊహించుకున్నాను. ఈమధ్య అతని మాటకి ముందు పెర్నిల్లా, మాటకి వెనక పెర్నిల్లా. అతని ఆఫీసులో కొత్తగా చేరిన మనిషి. పెర్నిల్లా తెలివైంది, పెర్నిల్లాకి హాస్యం తెలుసు. పెర్నిల్లా చేతికి కూడా పిండి అంటుకుని ఉంటుంది, అతని చేతి పక్కనే. ఆ రాత్రి సోల్వేగ్‌కి ఏం చెప్పాలో అస్సలు ఆలోచించలేకపోయాను. మొగుడే చేజారిపోతుంటే ఉద్యోగం ఏమిటి అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

శుక్రవారం పొద్దున్న హోకన్ చదువుకునే కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాడు. నిజం చెప్పాలంటే నేనే దాచాను. అవి నా చేత్తో అరగదీసిన అద్దాలే. తొమ్మిదిన్నరకి, అందరూ కాఫీకి కూర్చునే వేళ చూసుకుని, అతని ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మం దగ్గర బూట్లకి నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, అడుగుల చప్పుడు లేకుండా కాఫీ గదిదాకా నడిచాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. బల్ల మధ్యలో పళ్ళెం నిండా నా బన్నులు. నేను పిండి పట్టీని రెండు వేళ్ళ చుట్టూ తిప్పి చివర కిందికి దోపుతాను. ఆ ముడిని ఎక్కడున్నా గుర్తుపడతాను.

హోకన్ చెబుతున్నాడు. "ఈస్ట్ కలిపేముందు పాలల్లో చిటికెనవేలు ముంచాలి. వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు. అదీ కిటుకు."

"ఏలకులు కూడా నువ్వే దంచుతావా?" అన్నాడొకాయన.

"పొడి కొంటే ఏం వాసన ఉంటుందయ్యా? ఇదిగో, పొద్దున్నే పిండి పని పెట్టుకుంటే ఇలా అవుతుంది." చెయ్యి చాపి స్వెటర్ దులుపుకున్నాడు. తెల్లగా రాలింది. పొద్దున్న ఫ్రీజర్‌లోంచి సంచీ తీసుకోవడం తప్ప అతను చేసిందేమీ లేదు. కావాలని చల్లుకుని వచ్చాడన్నమాట!

"మరి మీ ఆవిడ చేయదా?"

"మారీట్‌కి ఇలాంటి వాటికి ఓపిక లేదు. తను తినే జట్టు."

అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళాను. హోకన్ మొహం పళ్ళెంలో పంచదారకంటే తెల్లబడింది. "అద్దాలు" అని బల్ల మీద పెట్టాను.

అరవయ్యేళ్ళ పొట్టి మనిషి ఒకావిడ లేచి కుర్చీ జరిపింది. "నువ్వేనా మారీట్? నేను పెర్నిల్లాని. కూర్చో, కాఫీ తాగు. ఎంత అదృష్టవంతురాలివమ్మా! శుక్రవారం ఫలహారం ఇక్కడ తలో వారం తేవాలి. ఇతని చేతి బన్ను తిన్నాక మా వంతులన్నీ ఇతనికే ఇచ్చేశాం. ఇల్లూ, వంటా, పిల్లా అన్నీ తనే చూసుకుంటాడటగా, నీ ఉద్యోగానికి అడ్డు రాకూడదని. మా ఆయన్ని వారంపాటు మీ ఇంటికి పంపిస్తాను, కాస్త నేర్పించండి." నా బన్ను ఒకటి కాగితం రుమాలులో పెట్టి నాకే ఇచ్చింది.

తిన్నాను. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. హోకన్ మరీను.

"బాగుంది" అన్నాను.

బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఇంకో ఆడదే ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఆడదైతే హోకన్‌ని తీసుకుపోయేది. ఇక్కడ హోకన్ ఎక్కడికీ పోలేదు. నా ఆదివారాలు, మా అమ్మమ్మ మాట, నా చేతి ముడి, అన్నీ అతనివైపోయాయి. నాకు మిగిలింది తినే జట్టు. ఒళ్ళు మండిపోయింది. పదిహేడేళ్ళలో అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం అతను నాకంటే ముందే మొదలుపెట్టాడు. "మొదటిసారి ఎవరో 'నువ్వే చేశావా' అన్నారు. నవ్వి ఊరుకున్నాను, అంతే. తరవాత ఎలా కాదనను? మా ఆవిడ చేసిచ్చిందని చెబితే ఏమనుకుంటారు? పెళ్ళాం చేత చేయించుకుని మోసుకొస్తున్నాడు, ఏ కాలం మనిషి అనరూ?"

"ఆ కాలం మనిషివే కదా" అన్నాను.

"నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావు. బన్నులు మారీట్, బన్నులు! మనలో మనకి నీదీ నాదీ ఏమిటి?"

స్వేయా కంచంలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసింది. అప్పుడే ఫోన్ మోగింది. సోల్వేగ్. స్పీకర్ నొక్కి ఫోన్‌ని బల్ల మధ్యలో, హోకన్ చేతికి దగ్గరగా పెట్టాను.

"ఏం తేల్చుకున్నావు మారీట్?"

"సోమవారంనుంచి పూర్తిరోజు వస్తాను."

"అబ్బ, బతికించావు! మరి ఇల్లు ఎవరు చూస్తారని అన్నావుగా మొన్న? మళ్ళీ మధ్యలో కుదరదనవు కదా?"

హోకన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని కళ్ళలోకే చూస్తూ చెప్పాను.

"ఇల్లూ, వంటా, పిల్లా, ఆదివారం బన్నులూ, అన్నీ హోకనే చూసుకుంటాడు సోల్వేగ్. నా మాట మీద నమ్మకం లేకపోతే అతని ఆఫీసులో ఎవర్నైనా అడుగు."