బాబూరావు పేరు మీద బండి

బండి కొని మూడేళ్లయింది. కాగితాల మీద మాత్రం ఇప్పటికీ అది నాది కాదు. తప్పు నాదే.

మా గూడెం వాళ్లం ఏటా మిరపకాయలు కోయడానికి మధిర వైపు పోతాం. అక్కడ బాబూరావు చేలో పదేళ్లు కోశాను. ఆయన దగ్గర ఏడుగురు కూర్చునే పెద్ద బండి ఉండేది. అప్పటికే పన్నెండేళ్ల పాతది. మా ముసలిది నాగక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు భద్రాచలం దవాఖానాకు డయాలిసిస్‌కి తీసుకుపోవాలన్నారు. అందుకని ఎడ్ల జత అమ్మి, ఆ బండి అడిగాను.

బండ్ల సంగతి నాకేం తెలుసు? ఎడ్లను చూసినట్టే చూశాను. కాళ్లు చూశాను, అంటే టైర్లు. నడక చూశాను. పన్నెండు మంది కూలీలను ఎక్కించి కాలువ గట్టు మీదికి పోనిమ్మన్నాను. ఆయాసం ఉందేమోనని ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాను.

“నోరు తెరిచి పళ్లు కూడా చూస్తావా దూలయ్యా?” అని బాబూరావు నవ్వాడు.

“చూపిస్తే చూస్తనయ్యా,” అన్నాను.

తాళంచెవి నా చేతిలో పెట్టి, “రేపు ఆఫీసుకెళ్లి పేరు మార్పిద్దాం. ఇద్దరం సంతకాలు పెట్టాలి,” అన్నాడు.

నాకు చిన్నతనంగా అనిపించింది. మాలో ఎద్దును అమ్మడమంటే నలుగురి ముందు పలుపు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోవడమే. ఆ తర్వాత కాగితం అడిగితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు.

“మీరు ఇచ్చిన్రు, నేను తీసుకున్న. గింత మంది చూసిన్రు. ఇంక సంతకమేంది?” అన్నాను.

ఆయన రెండుసార్లు చెప్పాడు. మా మనవరాలు భవాని అప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంది. అదీ చెప్పింది. నేను వినలేదు.

మూడేళ్లుగా మంగళవారం, శుక్రవారం ఆ బండే నాగక్కను మోసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కూర్చోలేకపోయేది. వెనక సీటు పీకేసి పరుపు వేశాం. ఎడమ వైపు అద్దం పైకి రాదు, వాన పడితే గోనెసంచి కడతాం. చలికాలంలో నలుగురు నెడితేగాని స్టార్ట్ కాదు. గూడెంలో ఎవరికి పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా మా వాకిట్లోకే వస్తారు. వద్దనలేను. భవాని మణుగూరులో డ్యూటీ చేసి వచ్చి, అన్నం కూడా తినకుండా మళ్లీ తాళం తీసుకుంటుంది. దాని కళ్ల కింద నలుపు రోజూ చూస్తూనే ఉన్నాను.

పోయిన నెల అది బండి కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

“తాతా, పదిహేనేండ్లు నిండుతున్నయ్. వచ్చే సోమవారం దాటితే బండి రోడ్డెక్కొద్దు. రెన్యూవల్‌కి బాబూరావు సారు సంతకం గావాలె.”

“ఎక్కిస్తే ఏమైతది?”

“ఏమైతది? బండి స్టేషన్ల పెడ్తరు. నాయినమ్మను నడి అడవిల దించుతరు.”

బుధవారం పొద్దున్నే ఇద్దరం మధిర పోయాం. బాబూరావు ఇంట్లో గోడ మీద ఆయన ఫోటోకు దండ ఉంది. గుండె ఆగిపోయి తొమ్మిది నెలలైందట. మాకు తెలియనే లేదు. ఆయన భార్య సుజనమ్మ బయటికి వచ్చి నా మొహం వంక చాలాసేపు చూసింది.

“నువ్వు బెల్టు పెట్టుకోవు కదూ?” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఖమ్మం పోయినప్పుడల్లా ముందు సీట్లో కూర్చుని కెమెరాలో పడతావు పెద్దాయనా. జరిమానా మా ఫోనుకొస్తుంది, నీ ఫోటోతో సహా. ఆయన కట్టేసి, ‘ముసలాయన బాగానే తిరుగుతున్నాడే’ అని నాకు చూపించేవారు.”

“ఎన్నిసార్లు చెప్పిన తాతా నీకు!” అని భవాని పళ్లు కొరికింది.

సుజనమ్మ కుర్చీ చూపించింది. నాగక్క డయాలిసిస్ సంగతి, సంతకం సంగతి భవాని చెప్పింది.

“నేనొక్కదాన్నే సంతకం పెడితే చెల్లదంట. కొడుకులిద్దరూ పెట్టాలి. ముందు వారసుల సర్టిఫికెట్ రావాలి. మా పెద్దాడేమో ఆ బండిని తుక్కు కింద రాసిచ్చేద్దాం అంటున్నాడు. రేపు అది ఎవర్నన్నా గుద్దితే కేసు మా మెడకే కదా?”

“అమ్మా, బండి పోతే మా ముసలిది పోతది,” అన్నాను.

ఆమె అక్కడే పెద్ద కొడుక్కి ఫోన్ చేసింది. “తుక్కు లేదు, ఏం లేదు. ముసలామెకి డయాలిసిస్ అంట... ఏరా, నాన్న ఇచ్చింది మనం లాక్కుంటామా? వచ్చి సంతకం పెట్టు,” అంది. కొడుకు చాలాసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

“పెడతాడు. సర్టిఫికెట్‌కి నలభై రోజులు పడుతుంది. సోమవారం నించి అప్పటిదాకా బండి బయటికి తీయకూడదు.”

“తియ్యనమ్మా. మాటిస్తున్న.”

“మాటలొద్దులే పెద్దాయనా. ఇదంతా మాటల వల్లే వచ్చింది. పిల్లతో రాయించి వేలిముద్ర పెట్టు.”

భవాని రాసింది. నేను ముద్ర వేశాను.

ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసింది. నాగక్క మంచంలోంచి అంతా విన్నది.

“నలభై దినాలంటే ఎన్నిసార్లు పోవాలె?”

“పన్నెండుసార్లు,” అంది భవాని.

“బస్సుల పోదాం. ఏడుపు మొకం పెడ్తవేంది? సూదులు పొడిచేది నీకా?” అంది నాతో.

మంగళవారం ఆమెను భవాని స్కూటీ మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేను పట్టుకుని, మూడు కిలోమీటర్లు రోడ్డు దాకా పోయాం. డ్యూటీకి పోవాలని భవాని అక్కడి నుంచి వెనక్కి తిరిగింది. బస్సులో కండక్టర్ వచ్చాడు. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, నాగక్క ఆధార్ కార్డు చూపించింది.

“నాకు ఫ్రీ. ఈ ముసలాయనకు కొట్టు టికెట్. తప్పు చేసినోడే కట్టాలె,” అంది. బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు.

వచ్చేటప్పుడు బస్సు నిండా జనం. ఎవరో లేచి ఇద్దరికీ సీటిచ్చారు. గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంటోంది. కాసేపటికి తల నా ఒళ్లోకి వాల్చింది. నిద్రపోయిందనుకున్నాను.

“ఇంక పదకొండు,” అంది కళ్లు తెరవకుండానే.