ఎల్లుండి ఎందుకు రమ్మన్నట్టు?

దవాఖాన వరండాలో అందరూ వింటుండగా డాక్టరు కనకవ్వను తిట్టిపోశాడు. "మీ పల్లెటూరి వాళ్లకు ఎంత చెప్పినా బుద్ధి రాదు. ఎల్లుండి తీసుకురమ్మంటే ఇన్ని రోజులకా తెచ్చేది? కట్టుకున్నవాడంటే లెక్కలేదా నీకు?"

లెక్కలేదట! మొగుడు సిద్దిరాములు తలను ఒళ్లో పెట్టుకుని, గతుకుల బాటన బండిలో వచ్చిన ఆడదాన్ని పట్టుకొని అనే మాటేనా అది? కనకవ్వ పళ్లు పటపట కొరికింది. ముందు కాలు చూడనీ అని నోరు మూసుకుంది.

సంగతేమిటంటే, ముందటి వారం పొలం దున్నుతుంటే నాగలి కర్రు సిద్దిరాములు పాదంలో దిగబడింది. నెత్తురు కారుతుండగానే ఇదే దవాఖానకు తెచ్చారు. ఈ డాక్టరే పుండు కడిగాడు, సూది వేశాడు, గట్టిగా కట్టు కట్టాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, నెత్తురు ఆగింది, నొప్పి తగ్గింది. పంపించేటప్పుడు మాత్రం గోడవైపు చూస్తూ "ఎల్లుండి తీసుకురా" అన్నాడు. ఇంకో మాట లేదు. అప్పటికే తర్వాతి రోగిని పిలిచేశాడు.

ఎల్లుండి వచ్చేసరికి ఊరికి కట్టడి పడింది. ఆ ఏడు రోగమొచ్చి పశువులు వరసబెట్టి చస్తుంటే, ఊరంతా కలిసి ఊరి నడుమ పాతిన దేవతరాయికి బొడ్రాయి పండుగ చేసింది. పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లారు. అది చల్లాక పండుగ ముగిసేదాకా ఊళ్లోవాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఎవరు దాటినా ఊరి కట్టు తెగి రోగం మళ్లీ వస్తుందని అందరి భయం. కనకవ్వ కొట్టంలోనూ ఎడ్లున్నాయి. ఆమెకూ ఆ భయం ఉంది.

అయినా ఊరిపెద్ద దశరథం దగ్గరికి పోయింది.

"పటేలా, మా ఆయినను ఇయ్యాల దవాఖానకు తీస్కరమ్మన్నరు. జర బండి పోనియ్యుండ్రి."

"నొప్పి ఉన్నదా?"

"లేదు."

"జరం?"

"లేదు. బువ్వ మంచిగనే తింటుండు."

"మరి ఎందుకు రమ్మన్నట్టు?"

కనకవ్వ బిత్తరపోయింది. ఎందుకో ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు? "ఏమో, రమ్మన్నడు" అంది.

"మంచిగున్న కాలు చూపెట్టనీకి ఊరి కట్టు తెంపుదమా కనకవ్వా? పండుగ అయినంక పో."

దశరథం చెడ్డవాడు కాదు. అతడన్న దాంట్లో తప్పేమీ ఆమెకు కనబడలేదు. ఇంటికి వచ్చేసింది.

పండుగ ఇంకా ముగియకముందే సిద్దిరాములు ఒళ్లు కాలిపోయింది. కాలు మోకాలి దాకా పొంగింది. కనకవ్వ ఇక ఎవరినీ అడగలేదు. వాడకట్టంతా వాకిళ్లలో నిలబడి శాపనార్థాలు పెడుతుంటే బండి కట్టించి పొలిమేర దాటించింది.

ఇప్పుడు జ్వరం మగతలో ఉన్న సిద్దిరాములును లోపల మంచం మీద పడుకోబెట్టించి డాక్టరు కట్టు విప్పాడు. పట్టుకారుతో పుండులోంచి ఒక గుడ్డ పేలికను లాగాడు. అది వస్తూనే ఉంది, నల్లగా, చీము ఓడుతూ. వాసనకు కనకవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"గదేంది?"

"చెడు నెత్తురు బయటికి రావడానికి లోపల పెట్టిన గుడ్డ. ఎల్లుండికల్లా తీసేయాలి. అందుకే రమ్మన్నాను. ఇప్పుడు చూడు, మొత్తం కుళ్లింది. కాలు తీసేయకపోతే ప్రాణం దక్కదు."

 కనకవ్వకు కోపం ముంచుకొచ్చింది.

"మా ఆయిన కాలు లోపట గుడ్డ పెట్టి నాకు చెప్పవా? గా ఒక్క ముక్క చెప్తే ఊరంత అడ్డం పడ్డా ఆ పొద్దే తెస్తుంటి గద!"

"చెబితే మాత్రం నీకు అర్థమవుతుందా?"

"గుడ్డ అంటే తెల్వదా నాకు? గుడ్డ కట్టుకోలేదా నేను?"

 డాక్టరు ముఖం ఎర్రబడింది. కాలు తీసేయాల్సిన సంగతి రోగికి నచ్చజెప్పమని ఆమెకే పురమాయించి, అక్కడినుంచి కదలబోయాడు. కనకవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను చెప్ప. నువ్వే చెప్పు. గుడ్డ సంగతి, కాలు సంగతి, అంత నువ్వే చెప్పు."

తప్పించుకునే దారిలేక డాక్టరు మంచం దగ్గరికి వంగి అంతా చెప్పాడు. జ్వరంతో మూలుగుతూనే సిద్దిరాములు చివరిదాకా విన్నాడు. కాలివైపు ఒకసారి చూసుకున్నాడు.

"గిప్పుడు మంచిగ తెలిసింది సారూ," అన్నాడు. "మొన్న గిట్లనే చెప్తే అయిపోతుండె గద."