ప్రభువు బల్ల రొట్టె

కిగేజి కొండ మీది గుడిలో క్రిస్మస్ ఆరాధన సగంలో ఆగిపోయింది. ప్రభువు బల్ల మీద, విశ్వాసులకు పంచాల్సిన రొట్టె పళ్ళెం ఖాళీగా ఉంది.

"ఎత్తుకెళ్ళిందెవరు?" పాస్టర్ గద్దించాడు.

"ఇంకెవరు, ఉపదేశిగారి మనవరాలే! పొద్దున ఇక్కడే తచ్చాడింది. తల్లికి తగ్గ పిల్ల," అంది వెనక నుంచి ఒకావిడ.

ఉపదేశి బ్యారుహంగా తల దించుకున్నాడు. గుడిలో పెళ్ళి కాకుండా బిడ్డను కన్నదని కూతురు కెమిగిషాను ఆ బల్లకు దూరం పెట్టింది ఆయనే. ఇప్పుడామె చావుబతుకుల్లో ఉంది. నిన్న ఆ బల్ల రొట్టె అడిగినా కాదన్నాడు.

అంతలో మనవరాలు కెబిరుంగి రొప్పుతూ వచ్చింది.

"నేనే తీశా తాతా. ఇవాళ యేసయ్య పుట్టినరోజు కదా, ఎవరికీ లేదనడని అమ్మకిచ్చా. పిడికిట్లో పట్టుకుని నవ్వింది. తర్వాత ఎంత పిలిచినా లేవట్లేదు. నువ్వొచ్చి లేపవా?"

పాస్టర్ పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు. బ్యారుహంగా అడ్డం వచ్చాడు.

"దాన్ని వదలండి అయ్యగారూ. దేవుడు ఊరికే ఇచ్చేదాన్ని నా కూతురికి దక్కనివ్వని దొంగ వేరే ఉన్నాడు," అన్నాడు గుడంతా వినపడేలా. "వాడి పేరు బ్యారుహంగా."