బోర్లించిన కప్పు

మనిషి చేసిన పని అతనిదేనా, అతని చేత చేయించిన లోకానిదా? ఈ అనుమానం నాలో చాలా ఏళ్లుగా ఉంది. ముప్పై ఏళ్లు మా చర్చిలో డీకన్‌గా, అంటే సంఘపెద్దగా, ఉన్నాను కాబట్టి ఇద్దరు పాస్టర్లను అడగగలిగాను. మొదటాయన ప్రార్థన చేసుకోమన్నాడు. రెండో ఆయన తనకూ తెలియదన్నాడు. ఐసమ్ మంగిన్ చివరి రోజు గురించి నేను చూసిందీ విన్నదీ చెబుతాను. మీకైనా ఏమైనా తోస్తుందేమో.

ఆ గురువారం పొద్దున ఆరున్నరకు ఐసమ్ సమాధుల తోట షెడ్డు ముందు కూర్చుని, పొడవు కర్ర కొడవలికి సాన పడుతున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. పొడగరి, నడుం దగ్గర కాస్త కుడికి ఒరిగి ఉంటాడు. ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంది. మెడ వెనక చర్మం, ఆటుకి సముద్రపు నీళ్లు వెనక్కి తీసిన బురదనేలలాగా, సన్నటి గీతలు పడి ఉండేది. సానరాయి మీద ఉమ్మి వేసి, నాలుగు సార్లు అటు, నాలుగు సార్లు ఇటు రాసి, అంచును బొటనవేలితో చూసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. అతని వెనక మేకుకు ఆదివారం వేసుకునే నల్ల కోటు వేలాడుతోంది.

జార్జియా తీరంలో మా ఊరి సమాధుల తోట రెండు ముక్కలు. మధ్యలో నడుమెత్తు పొదల వరస. తూర్పున తెల్లవాళ్ల పాలరాయి. పడమట, పర్రవైపు, అంటే ఉప్పునీటి బురదనేల వైపు, దిగే వాలులో, మా నల్లవాళ్ల నేల. కౌంటీ కూలీగా ఐసమ్ నలభై ఏళ్లు రెండింట్లోనూ గడ్డి కోశాడు. మావైపు రాళ్లు లేవు. ఒకప్పుడు రాళ్ల బదులు సామాన్లుండేవి. పోయిన మనిషి చివరిసారి వాడిన కప్పో, మందు సీసానో, లాంతరు చిమ్నీనో, ఆగిపోయిన గడియారమో సమాధి మీద పెట్టి, చుట్టూ సముద్రపు గవ్వలు గుచ్చేవాళ్లు. కప్పు అడుగున చిల్లు పెట్టి బోర్లించేవాళ్లు. చిల్లు లేకపోతే పోయినవాళ్లు దానికోసం మళ్లీ ఇంటికొస్తారని మా నాయనమ్మ చెప్పేది. పేర్లు రాసిన పలక ఒక్కటీ లేదు. అయినా, ఆ పగిలిన లాంతరు సూకీ అత్తది, ఆ గడియారం కామ్డెన్ తాతది అని ఊరందరికీ తెలుసు.

1938 వసంతకాలంలో, కొత్తగా పనిలో చేరిన ఐసమ్ ఆ సామాన్లన్నీ వారం రోజుల్లో తోపుడుబండి మీద ఎత్తి పర్రలో పారబోశాడు. అప్పటి మేస్త్రీ పెద్ద ట్రెంట్ గడ్డి కోయమన్నాడు, అంతే. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ ముందు చలికాలమే మా అమ్మ పోయింది. నేను వెళ్లేసరికి వాలంతా నున్నటి గడ్డి. ఎటు నిలబడి ఏడవాలో తెలియలేదు. అప్పటి మా పాస్టర్ మాత్రం, ఇప్పుడు నాగరికంగా ఉందని వేదిక మీద నుంచి మెచ్చుకున్నాడు.

గత పదేళ్లుగా ఐసమ్ పని దిగాక ఇనుప చువ్వ పట్టుకుని ఆ వాలు మీద తిరిగేవాడు. చువ్వ మెత్తగా దిగినచోట, అంటే ఒకప్పుడు తవ్వి పూడ్చిన చోట, ఆగి, కళ్లు మూసుకుని, ఇక్కడ ఏం ఉండేదో గుర్తుచేసుకుని, ఒక పుల్ల పాతేవాడు. అరవై మూడు పుల్లలు. వాటిలో నలభై ఒక్కదానికి పేర్లు దొరికాయి. మా అమ్మ పేరు వాటిలో ఉందా అని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ రోజు మూడింటికి కోర్టు భవనంలో విచారణ. వాలు మీదుగా రోడ్డు వెడల్పు చేస్తారట. పేరూ గుర్తూ ఉన్న సమాధులను తీసి కొత్త చోట పెడతారు. లేనివి ఉత్త నేలే.

పెద్ద ట్రెంట్ కొడుకు, ఇప్పటి మేస్త్రీ చిన్న ట్రెంట్ ఏడింటికి ట్రక్కు దిగాడు. ముప్పై ఒక్కేళ్లుంటాయి.

"ఏం అబ్బాయ్, కోటు తెచ్చావు? పెళ్లా?"

"మూడింటికి కోర్టుకెళ్లాలండి ట్రెంట్ గారూ. మొన్న చెప్పాను కదా."

"వెళ్లు, వెళ్లు. వచ్చాక ఆ పుల్లలన్నీ పీకెయ్. సోమవారం కొలతలవాళ్లొస్తారు."

"ఇంకా తేల్చలేదు కదండీ."

ట్రెంట్ అతన్ని చూసి నవ్వాడు. కోపంగా కాదు. "నువ్వు మంచివాడివి ఐసమ్," అన్నాడు.

మధ్యాహ్నం నేనూ, బడిపంతులమ్మ ఆర్డెల్లూ వెళ్లేసరికి అతను షెడ్డు నీడలో చల్లారిన వేపుడు చేప, మొక్కజొన్న రొట్టె తింటున్నాడు. చేప ముళ్లను ఒక్కొక్కటే తీసి కాగితం మీద వరసగా పెడుతున్నాడు.

"కోటు బావుంది బాబాయ్," అంది ఆర్డెల్. "ఎవరిది, పోయినవాళ్లదా?"

"నాదే. నేను పోయాక కూడా నాదే."

ఆమె నవ్వి, అతని పక్కన గొంతుకూర్చుంది. "విను. సమాధుల మీద గుర్తులేవని అడుగుతారు. పెద్ద ట్రెంట్ తీయించాడని చెప్పు. కౌంటీ తప్పని తేలిందనుకో, వాళ్లు ప్రతి సమాధీ మార్చి తీరాలి. మన వకీలు చెప్పాడు."

"ఆయన తీయమనలేదమ్మా."

"ఆయన పోయి పాతికేళ్లయింది. ఇప్పుడొచ్చి కాదంటాడా?"

"అనడు. కానీ నాకు తెలుసు కదా."

"ఆ తెల్లావిడ నవ్వకపోయుంటే నువ్వు తీసేవాడివా? నిజం చెప్పు."

ఆ సంగతి ఐసమ్ ఒకసారి నాతో అన్నాడు. పూలు తెచ్చిన ఒక తెల్లావిడ పొదల మీదుగా మావైపు చూసి, వీళ్లు వంటగదిని కూడా సమాధుల్లోకి మోసుకొస్తారని పక్కావిడతో అని నవ్విందట. పొదల ఇవతల ఐసమ్ కొడవలి పట్టుకుని ఉన్నాడు. ఏడో తరగతి దాకా చదివినవాడు. చెవులు కాలిపోయాయన్నాడు. మర్నాడే బండి తెచ్చాడు.

అతను రొట్టె నమలడం ఆపాడు. "నవ్వింది ఆవిడే. బండి తోసింది నేను."

"అన్నా, ఒక్క మాటే కదా," అన్నాను నేను. "మన వాళ్లకోసం. దేవుడు చూసుకుంటాడు."

డీకన్‌ని, నేను అన్న మాట అది.

"చూద్దాం, లెమ్," అని నన్ను పేరు పెట్టి పిలిచి, అతను ముళ్లున్న కాగితం మడిచాడు.

కోర్టు గదిలో బల్ల వెనక కౌంటీ పెద్దలు ఐదుగురు. ఐసమ్ నిలబడి, కాగితం లేకుండా నలభై ఒక్క పేర్లూ చెప్పాడు. పై వరస నుంచి కింది వరసకు, నడుస్తున్నట్టే. గదిలో మావాళ్లు ఒక్కో పేరుకూ "ఊఁ" అంటున్నారు, చర్చిలో అన్నట్టే. మా అమ్మ పేరు ముప్పై ఎనిమిదోది. నేనూ "ఊఁ" అన్నాను.

అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు. "ఏ గుర్తుతో చెబుతున్నావు?"

"కప్పులుండేవండి. లాంతర్లు. గవ్వలు."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"తీసేశారండి."

"ఎవరు?"

ఆర్డెల్ ముందుకు వంగింది. ఐసమ్ తన సగం వేలును ఇంకో చేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"నేనేనండి."

"ఎవరి ఆజ్ఞ మీద?"

"ఎవరూ చెప్పలేదు. నేనే తీశాను."

అధ్యక్షుడు ఏదో రాసుకున్నాడు. "అయితే గుర్తులు లేనట్టే. సరే ఐసమ్, కూర్చో."

"మంగిన్ గారు అనండి," అన్నాడు ఐసమ్.

ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలుస్తున్నాడు.

బయట మెట్ల మీద ఆర్డెల్ ఏడ్చేసింది. "నలభై ఒక్కమందినీ ఇవాళ మళ్లీ పూడ్చేశావు బాబాయ్. ఒక్క మాట! ఒక్క మాట నీ నోట్లోంచి రాలేదు!"

"ఎవరూ చెప్పకుండా నా అంతట నేను చేసిన పని నా బతుకులో అదొక్కటేనమ్మా. పాడు పనే. దాన్ని కూడా ఆ పెద్దాయన చేతిలో పెట్టేస్తే ఇక నాదంటూ ఏముంది?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. అతను నావైపు చూశాడు. నేనూ టోపీ పెట్టుకుని ఇంటికి నడిచాను. ఆ సంగతి ఇప్పటికీ దేవుడి ముందు చెప్పుకుంటూనే ఉంటాను.

ఐదున్నరకు మా ఆవిడ, "ఆ మనిషి పొద్దున్నుంచి చల్లటి చేపముక్క మీద ఉన్నాడు. కోపం తర్వాత, వెళ్లి పిలుచుకురా," అని నన్ను తరిమింది. అతని ఇంటికెళ్లాను, లేడు. తోటకెళ్లాను.

పుల్లలన్నీ పీకేసి ఉన్నాయి. పదేసి చొప్పున తాడుతో కట్టి, షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి. ఇనుప చువ్వ మట్టి తుడిచి మేకుకు వేలాడదీసి ఉంది. ఐసమ్ వాలు దిగువన ఒక చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నాడు. కోటు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. బూటుకాళ్లు పర్రవైపు చాపి ఉన్నాయి. కునుకు తీస్తున్నాడనుకుని, "అన్నా, అన్నం చల్లారిపోతోంది," అన్నాను. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అది అప్పటికే చల్లబడింది. గోళ్లలో మాత్రం పచ్చిమట్టి ఉంది.

అతని కాళ్లకు రెండడుగుల దూరంలో, నేల మీద, నీలం అంచు కప్పు బోర్లించి ఉంది. చుట్టూ గవ్వలు.

దాన్ని నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? దాని అడుగున చిల్లు నేనే పెట్టాను. నాన్న పట్టుకుంటే, మేకుతో, పన్నెండేళ్లప్పుడు. అమ్మ బతికుండగా అందులోనే ఐసమ్‌కి మజ్జిగ పోసేది. అన్ని బండ్ల సామాన్లలోనూ అతను ఆ ఒక్కదాన్ని పారబోయలేకపోయాడు. నలభై ఏళ్లు ఇంట్లో దాచుకుని, నాతో ఒక్కసారీ అనలేదు. ఇవాళ తెచ్చి, తీసిన చోటే పెట్టాడు.

అతన్ని చర్చి వెనక కొత్త నేలలో పాతిపెట్టాం. ఆర్డెల్ వచ్చింది, చివరి దాకా నిలబడింది. రోడ్డు యంత్రం నవంబరు ఏడున వచ్చింది. అతను పోయిన రోజు నుంచి అంతదాకా, ఆ పందొమ్మిది రోజులూ మా అమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. రోజూ వెళ్లాను.

ఆఖరి సాయంత్రం కప్పును ఇంటికి తెచ్చుకుందామని వంగాను. అంచు చుట్టూ అతను మట్టి గట్టిగా అదిమాడు. వేళ్ల ముద్రలు ఇంకా ఉన్నాయి, వాటిలో ఒకటి పొట్టిది. అతను తిరిగిచ్చింది నాకు కాదు, అమ్మకు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చిల్లులోంచి ఒక గడ్డిపోచ పైకి వచ్చి ఉంది.